రహమత్ నగర్ రౌటర్

ఫిల్మ్ నగర్‌ను భూగోళం మొత్తంతో ఒకే తీగ మీద కలిపి తీరుతానని మంత్రి సూర్యప్రకాశరావు గారు జూబ్లీ హిల్స్‌లోని తమ ఇంటి లాన్‌లో విలేకరులకు ప్రకటించారు. మొదటి మెట్టుగా నిరుద్యోగ యువతకు కంప్యూటర్ నెట్‌వర్కింగులో ఉచిత శిక్షణ, చివర్న అంతర్జాతీయ సర్టిఫికెట్ పరీక్ష. ఇంత ముందుచూపున్న నాయకుడు దొరకడం మన అదృష్టం.

ప్రారంభోత్సవం నాటికి యువతే దొరకలేదు. నేర్చుకోవాలనుకున్న పిల్లలంతా అప్పటికే అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో చేరిపోయారు. శిక్షణకని తీసుకున్న మూతబడ్డ డబ్బింగ్ థియేటర్లో కంప్యూటర్లు మాత్రం బంతిపూల దండలు వేసుకుని కూర్చున్నాయి. మంత్రి గారు చుట్టూ చూసి, రహమత్ నగర్ డివిజన్ పార్టీ కార్యదర్శి తిరుమలేశ్ భుజమ్మీద చెయ్యేశారు.

"ఏమయ్యా, డిగ్రీ చదివావుగా?"

"చదివిన సార్. పాసైన అని ఎక్కడా చెప్పలే."

"చాలు. కూర్చో."

అలా తిరుమలేశ్ విద్యార్థి అయ్యాడు. అతనితో పాటు కూర్చున్న కార్యకర్తలు టీ వచ్చేదాకా ఉండి, టీ తాగి ప్రజాసేవకు వెళ్లిపోయేవారు. మొదట్లో అతనూ అంతే. నెట్‌వర్కింగ్ అంటే పెద్దవాళ్లతో పరిచయాలు పెంచుకోవడమనీ, అందులో తను నేర్చుకునేది ఏమీ మిగల్లేదనీ అతని నమ్మకం.

పాఠం చెప్పే మనోజ ఒకరోజు రౌటర్ గురించి వివరించింది. వచ్చిన సమాచారం ఎక్కడికి చేరాలో చూసి, ఆ దారిన పంపే పెట్టె అంది.

తిరుమలేశ్ లేచి నిలబడ్డాడు. "గదే పని నేను పదేండ్ల సంది చేస్తున్న మేడం. బస్తీల అర్జీలు తీసుకుంట, ఏది ఏ ఆఫీసుకు పోవాల్నో చూస్త, పంపుత. రౌటర్‌ను నేనే."

"అయితే మీకు సులువుగానే వస్తుంది."

"తేడా ఒక్కటే మేడం. అది పంపితే చేరుతది."

అందరికంటే ముందు తనే నవ్వాడు. ఆ నవ్వు ఇంటికి చేరేలోపే ఎందుకో చేదెక్కింది. మర్నాటి నుంచి టీ అయ్యాక కూడా క్లాసులోనే ఉండిపోయాడు.

"లోకంల ప్రతి కంప్యూటర్‌కు ఒక అడ్రస్ ఉంటదంట. ఏం పంపినా సక్కగ గాడికే పోతదంట," అన్నాడు భార్య కౌసల్యతో.

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ, "మన గల్లీకి పోస్టుమ్యానే రాడు," అంది.

"అందుకే గీ లైను పట్టిన. పాసైతే మాదాపూర్ల కంప్యూటర్ కంపెనీల కొలువు దొరుకుతది. ఇగ బ్యానర్లు కట్టుడు బంద్."

"మంత్రి సారు నిన్ను ఇడుస్తడా?"

"నేను పోయిన్నని ఆయనకు తెల్వనీకే ఏడాది పడ్తది. ఫికర్ చెయ్యకు."

మొదటిసారి పరీక్ష తప్పాడు. ఎవరూ అడక్కముందే అందరికీ చెప్పుకున్నాడు. తోటి కార్యకర్తలు, డిపాజిట్ పోయిన అభ్యర్థిని పలకరించినట్టు, వరసగా వచ్చి ఓదార్చారు. రెండోసారి పాసయ్యాడు. ఆ బ్యాచిలో పాసైనవాడు అతనొక్కడే.

సరిగ్గా అప్పుడే ఒక విదేశీ కంపెనీ వాళ్లు శిక్షణ చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. మంత్రి గారు ముందుగా వచ్చి క్లాసు చూసి నొచ్చుకున్నారు. కుర్చీల నిండా ఖద్దరు చొక్కాలు. వెంటనే సినిమాలకు జూనియర్ ఆర్టిస్టులను పంపే సత్యనారాయణమూర్తిని పిలిపించారు.

"కంప్యూటర్ మొహాలు కావాలి మూర్తిగారూ."

"కళ్లద్దాలతోనా అండీ, లేకుండానా?"

"ఉంటేనే నమ్ముతారు."

తిరుమలేశ్ గొంతు సవరించుకున్నాడు. "సార్, నేను పాసైన గద."

"అందుకేనయ్యా, నీకిక క్లాసెందుకు? గేటు దగ్గర కార్లు చూసుకో."

విదేశీయులు వచ్చారు. కళ్లద్దాల క్లాసును చూసి ముచ్చటపడి, పాసైన కుర్రాడు ఎవరని అడిగారు. మంత్రి గారు క్షణం కూడా తడబడలేదు. మొదటి వరసలో అందరికంటే బాగున్న అనీష్ అనే జూనియర్ ఆర్టిస్టును చూపించి, "ఇతనే, తిరుమలేశ్," అన్నారు. డైలాగ్ ఇవ్వలేదు కాబట్టి అనీష్ నవ్వి ఊరుకున్నాడు. ఆ వినయం వాళ్లకు నచ్చింది. మర్నాడు పేపర్లలో తిరుమలేశ్ పేరుతో అనీష్ ఫోటో పడింది.

ఆ వారమే ఫిల్మ్ నగర్‌లో పాసైనవాడికి సన్మాన సభ. కౌసల్య పట్టుచీర కట్టుకుంది. పేపర్లో ఫోటో తప్పినా సభలో పిలిచేది తననేనన్న నమ్మకంతో తిరుమలేశ్ ఇస్త్రీ చొక్కా తొడిగాడు. మైకులో "శ్రీ తిరుమలేశ్" అని పిలవగానే లేచాడు. అప్పటికే అనీష్ వేదికెక్కి శాలువాకు మెడ వంచుతున్నాడు. పక్కనున్న మూర్తి తిరుమలేశ్ చొక్కా పట్టి మెల్లగా లాగాడు. "కూర్చోండి సార్. ఫోటో పేపర్లో వచ్చేసింది. ఇప్పుడు మనిషిని మారిస్తే కంటిన్యుటీ పోతుంది."

కంపెనీ వాళ్లు అనీష్‌కు అక్కడికక్కడే ఉద్యోగం ప్రకటించారు. హాలు చప్పట్లతో మారుమోగింది.

"నీ పేరే గద పిలిచిండ్రు?" అంది కౌసల్య.

"పేరు నాదే. మొఖమే సెలెక్టు కాలే."

ఆమె నవ్వలేదు. అతనూ ఆ ఒక్కసారికి నవ్వలేకపోయాడు.

సభ ముగిశాక మంత్రి గారు కారు దాకా నడుస్తూ తిరుమలేశ్‌ను చూసి ఆగారు. ఆయన కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి.

"చూశావా ఆ కుర్రాణ్ణి? ఏ బస్తీలో పుట్టాడో ఏమో, కష్టపడి చదివి పైకొచ్చాడు. నిన్నూ అదే క్లాసులో కూర్చోబెట్టానుగదయ్యా. వచ్చే బ్యాచిలోనైనా మనసు పెట్టు."

"పెడ్త సార్," అన్నాడు తిరుమలేశ్, కారు తలుపు తీసి పట్టుకుని.