గిజిగాడి కంప్యూటరుకు ముగ్గురు కాపలా

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఈ చివర పులి గాండ్రిస్తే ఆ చివర వినబడేసరికి ఆ పులికి మనవలు పుట్టుకొచ్చేవారు, అంత అడవిలో రంగడు అనే గిజిగాడు ఉండేవాడు. ఆ అడవిని నేను ఒక్క పూటలో, అదీ చెప్పుల్లేకుండా, దాటేశాను. దారిలో నన్ను చూసి పక్కకి తప్పుకున్న సింహాల సంగతి ఇప్పుడొద్దు. రంగడి సంగతి చెబుతాను.

రంగడికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురు నాంచారి ఒకటే షరతు పెట్టింది.

"మొదటి వాన పడేలోగా గూడు పూర్తవ్వాలి. రెండంతస్తులు, కింద ఊయల. అది లేకపోతే నేనూ లేను."

గిజిగాళ్ళలో అంతే. పిల్లకి గూడు నచ్చకపోతే పెళ్ళి లేదు. రంగడు ఎండాకాలమంతా ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని, ఏ పోచ దేని కిందనుంచి దూరాలో బొమ్మ గీసి దాచుకున్నాడు. అలాంటి బొమ్మ లోకంలో ఇంకొకటి లేదు. నేను చూశాను. ఒకటి రెండు సలహాలు కూడా ఇచ్చాను, అందుకే అంత బాగా వచ్చింది.

అంతలో వైరస్‌ల గొడవ మొదలైంది. ఒక అడవిపిల్లి ఇళ్ళలోని కంప్యూటర్లలోకి వైరస్ పంపేది. లోపలున్న సరుకంతటికీ తాళం వేసేది. "కుందేలు మాంసం తెస్తే తాళం తీస్తా" అనేది.

రంగడు భయపడి అడవి సంఘానికి పరిగెత్తాడు. అక్కడ అధ్యక్షుడు ఏనుగు, కార్యదర్శి నక్క.

"అయ్యా, మంచి కాపలా ప్రోగ్రాం ఒకటి పెట్టుకుంటాను. నా బొమ్మకి నకలు తీసి మా బావ గూట్లో దాచుకుంటాను. సరిపోతుందాండీ?"

ఏనుగు చెవులు ఊపడం మానేసింది. "నకలా?"

"నకలు తీశాడంటే మన కాపలా మీద నమ్మకం లేదన్నట్టేగా, అయ్యగారూ," అంది నక్క. "రేపు అడవంతా నకళ్ళు తీసుకుంటే ఇక మనమెందుకు?"

"నకలు తీశావో, నీ చెట్టుకి కరెంటు పీకించేస్తా!" అంది ఏనుగు. "రక్షణ ఎలాగో మేం నిర్ణయిస్తాం. నువ్వెళ్ళి గడ్డి కోసుకో."

మర్నాడే సభ పెట్టారు. కాపలా ప్రోగ్రాములు అమ్ముకునేవాళ్ళు ముగ్గురొచ్చారు.

"నాది ఆకు కదిలినా అరుస్తుంది," అంది రేచుకుక్క.

"అరిస్తే ఏమొస్తుంది, నీ గొంతు పోవడం తప్ప? నాది మెడ కొరికేస్తుంది," అంది ముంగిస.

"నాది ఎరగని వస్తువు కనబడితే పీకి పారేస్తుంది. విచారణలూ గిచారణలూ లేవు," అంది అడవిపంది.

ఏది మంచిదో ఎవరూ అడగలేదు. ఎన్నికలు దగ్గరపడ్డాయి, ముగ్గురి వెనకా ఓట్లున్నాయి. ఏనుగు తొండమెత్తి తీర్పు చెప్పింది: "మూడూ పెట్టండి. దొంగ మూడింతలు భయపడతాడు."

"ఒక్కటి చాలండీ..." అన్నాడు రంగడు.

"నోట్లో గడ్డిపోచ తీసి మాట్లాడవోయ్," అంది నక్క.

మూడు ప్రోగ్రాములూ కంప్యూటర్లోకి చేరాయి. చేరీ చేరగానే రేచుకుక్కది ముంగిసదాన్ని చూసి "దొంగ! దొంగ!" అని తెర నిండా అరిచింది. ముంగిసది దాని మెడ పట్టుకుంది. పందిది రెండింటినీ తవ్వడం మొదలెట్టింది. కంప్యూటరు ఎంత నత్తనడక పట్టిందంటే, రంగడు మీట నొక్కి, వాగులో స్నానం చేసి, రెక్కలు ఆరబెట్టుకొచ్చినా తెరమీద అక్షరం పడేది కాదు. పైగా పెట్టె సెగలు కక్కింది. ఆ వేడి మీద నేను కాఫీ కాచాను. దారిన పోయే ఎలుగుబంట్లందరికీ సరిపోయింది.

రంగడు మళ్ళీ వెళ్ళి మొరపెట్టుకున్నాడు.

"కొట్టుకుంటున్నాయంటే పనిచేస్తున్నట్టేగా," అంది నక్క.

అయినా ఏనుగు పెద్దమనసు చేసుకుని రాజీ కుదిర్చింది. "మీలో మీరు దొంగలు కారు. నా దగ్గర్నుంచి వచ్చిందాన్ని సోదా చెయ్యొద్దు. మిగతా అన్నిటినీ అనుమానించండి."

మూడూ ఏకమై కంప్యూటరంతా గాలించాయి. మిగతా సరుకంతా అందరిళ్ళల్లో ఉండేదే. ఎక్కడా చూడని వస్తువు ఒక్కటే దొరికింది. రంగడి బొమ్మ. పందిది పీకింది, ముంగిసది కొరికింది, రేచుకుక్కది "ప్రమాదం తప్పింది!" అని అరిచింది.

"నా గూడు! నా గూడు మింగేశారు!" రంగడు సంఘం ముందు పడి ఏడ్చాడు.

"ముప్పు తొలగించినందుకు దణ్ణం పెట్టాలోయ్. నేర్చుకో," అంది నక్క. ఆ ఊపులోనే అధ్యక్షుడి అభినందన వీడియో ఒకటి తయారుచేసి ఇంటింటికీ పంపింది.

అడవిపిల్లికి అంతకంటే మంచి బండి ఏం దొరుకుతుంది? వైరస్‌ను అందులోకే ఎక్కించింది. అధ్యక్షుడి వీడియోను సోదా చేసే దమ్ము ఏ కాపలాకుంది? వైరస్ దర్జాగా రంగడి కంప్యూటర్లో దిగింది.

పొద్దున్నే పిల్లి శోకాలు పెడుతూ సంఘానికొచ్చింది. "తాళం వేద్దామంటే లోపల పనికొచ్చే సరుకే లేదయ్యా! మీ కాపలావాళ్ళు ముందే ఊడ్చేశారు. నేనెలా బతకాలి?"

ఏనుగు మొహం వెలిగిపోయింది. "విన్నారా! దొంగే ఒప్పుకుంది, ఈ అడవిలో దొంగతనం జరగదని!"

కాపలావాళ్ళు ముగ్గురికీ దండలు వేశారు. పిల్లికి అనుభవం ఉందని సలహాదారు పదవి ఇచ్చారు. చప్పట్లు ఎంత గట్టిగా కొట్టారంటే మబ్బు చిట్లి వాన మొదలైంది.

నాంచారి తడుస్తూ వచ్చింది. రంగడు గుర్తున్నంత మేరకు అల్లిన గడ్డికట్టను ముక్కున పట్టుకుని తలొంచుకున్నాడు. వెనక కంప్యూటరు తెరమీద "మీ ఇల్లు సంపూర్ణ సురక్షితం" అని మెరుస్తోంది.

"కాపలా బ్రహ్మాండంగా ఉంది, రంగా," అంది నాంచారి. "మరి నేను కాపురం చెయ్యాల్సిన గూడేదీ?"

జవాబు కోసం ఆగలేదు. తడవని చోటు వెతుక్కుంటూ ఎగిరిపోయింది.

కాబట్టి నాయనలారా, నీతి ఇది: దొంగ చేతికి ఏమీ చిక్కకూడదంటే, దొంగకంటే ముందే ఇల్లు ఖాళీ చేసే కాపలావాళ్ళను పెట్టుకోండి.