మూరెడు జరిగిన కుర్చీ

ఆ రాజధానికి సూర్యులిద్దరు. మొదటివాడు పొడిచి, రెండోవాడు ఇంకా ఒళ్ళు విరుచుకుంటున్న వేళకే ఆసనాల గుమాస్తా రెండుసార్లు గడ్డం గీసుకుని, ఉతికిన అంగీ తొడుక్కుని, కొలత టేపు జేబులో వేసుకుని సభామందిరానికి బయలుదేరాడు. ఆయన పథకం చాలా చిన్నది. ఒక కుర్చీని ఒక్క మూర ఎడమకు జరపాలి. దానివల్ల సామ్రాజ్యానికి లాభమూ లేదు, నష్టమూ లేదు. లాభమంతా ఆయనదే. నాలుగు గంటలపాటు పెళ్ళాం మొహం చూసుకోవచ్చు.

నలభై రెండు వంశాలు వంశానికో గ్రహం చొప్పున పంచుకుని ఏలుతున్న సామ్రాజ్యం అది. ఏడాదికోసారి వంశాల పెద్దలందరూ నక్షత్ర ఓడల్లో వచ్చి, చక్రవర్తి ఎదుట నాలుగు గంటలు కూర్చుని, ఉపన్యాసాలు విని వెళతారు. ఎవరెక్కడ కూర్చోవాలో కొలిచి కుర్చీలు వేయించడం గుమాస్తా ఉద్యోగం. ఆయన భార్యది ఇంకా విచిత్రమైన ఉద్యోగం. సామ్రాజ్యం చిట్టచివర ఉన్న గ్రహాన్ని ఏలే పెద్దరాణికి ఎనభై దాటాయి. ఆవిడ ఎక్కడ కూర్చుంటే అక్కడ వెనక నిలబడి, అడిగినప్పుడు కళ్ళద్దాలు అందించాలి.

పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ రాజధానిలోనే, పెద్దరాణి విడిది వెనక ఒంటిగదిలో కాపురం ఉండేవారు. తొమ్మిదేళ్ళ కిందట పెద్దరాణికీ ఉత్తర నక్షత్రాల దొరకూ ఒక చందమామ విషయంలో పేచీ వచ్చింది. ఆ చందమామ మీద గాలి లేదు, నీళ్ళు లేవు, గడ్డిపోచ మొలవదు. అయినా పంతం పంతమే. చక్రవర్తి దొర పక్షం వహించి, పెద్దరాణి కుర్చీని నాలుగో వరుసలో రాతిస్తంభం వెనక్కి నెట్టించాడు, విడిది మూయించాడు, ఆ వంశం మనుషుల ప్రయాణ అనుమతులు రద్దు చేశాడు. ఏ వంశానికి కట్టుబడిన మనిషి ఆ వంశం గడపలోనే ఉండాలని చట్టం. కళ్ళద్దాలతో పాటు కళ్ళద్దాల మనిషీ వెళ్ళిపోయింది.

ఉత్తరాలు లేకపోలేదు. దొరల కబుర్లు క్షణంలో చేరతాయి గానీ మామూలు మనుషుల ఉత్తరాలు సరుకుల ఓడల్లో ఎనిమిదేసి నెలలు ప్రయాణం చేస్తాయి. ఒకసారి తనకు జలుబు చేసిందని గుమాస్తా రాస్తే, "తగ్గిందా?" అని జవాబు వచ్చేసరికి ఏడాదిన్నర అయింది. ఈలోగా మరో రెండు జలుబులు వచ్చి పోయాయి. ఆ ఉత్తరాన్ని ఆయన దిండు కింద పెట్టుకుని, ఏ జబ్బూ లేని రోజుల్లో కూడా తీసి చదువుకునేవాడు.

ఏటా సభకు మాత్రం పెద్దరాణి వెంట ఆమె వస్తుంది. ఒకే కప్పు కింద, ముప్ఫై అడుగుల దూరంలో నాలుగు గంటలు ఉంటుంది. సింహాసనం పక్క తలుపు దగ్గర, దీపం కింద నిలబడి దొరల పేర్లు పిలవడం గుమాస్తా పని. అక్కడి నుంచి చూస్తే రాతిస్తంభం తప్ప మరేమీ కనబడదు. సభ ముగియగానే అందరూ ఓడలెక్కేస్తారు. అలా తొమ్మిదేళ్ళుగా ఆయన ఒక స్తంభాన్ని అపారమైన ప్రేమతో చూస్తూ వచ్చాడు. దాని మీద పగుళ్ళు ఎన్నో ఆయనకు కంఠతా వచ్చు.

ఈ ఏడు ఇక ఆగలేకపోయాడు. ఖాళీ మందిరంలో అటూ ఇటూ చూసి, పెద్దరాణి కుర్చీని స్తంభం చాటు నుంచి ఒక్క మూర ఎడమకు లాగి, చేతులు దులుపుకున్నాడు. మూరెడు ఎవరికి కనబడుతుందిలే అనుకున్నాడు. పాపం, పాతికేళ్ళుగా అక్కడే పనిచేస్తూ కూడా అలా అనుకున్నాడు.

ఆ సభలో మాటలు ఎవరూ నమ్మరు. కుర్చీలనే నమ్ముతారు. ప్రతి వంశానికీ ఒక కొలతల మనిషి ఉంటాడు. సభకు ముందు వచ్చి, తన దొర కుర్చీకీ మిగతా కుర్చీలకూ మధ్య దూరం కొలిచి, ఎవరి మీద చక్రవర్తికి దయ పెరిగిందో, ఎవరి మీద తరిగిందో లెక్క కడతాడు. పగవాళ్ళ కుర్చీల మధ్య ఏడు మూరలు ఉండాలని తాతల నాటి ఆచారం. కూర్చున్నచోటి నుంచి కత్తి దూసినా అవతలివాడికి తగలని దూరం అది. ఏడుకు లోపల కూర్చోబెట్టారంటే పగ తీరిపోయిందని చక్రవర్తి తీర్పు చెప్పినట్టే. ఆ నాలుగో వరుసలోనే ఎడమవైపున ఉత్తర నక్షత్రాల దొర కుర్చీ ఉంది. తన చూపు కుదిరిందా లేదా అన్న ధ్యాసలో గుమాస్తా ఆ సంగతే మరిచిపోయాడు.

దొరగారి కొలతల మనిషి టేపు సాగదీసి చూశాడు. మళ్ళీ చూశాడు. లేచి గుమాస్తా దగ్గరికి వచ్చాడు.

"ఆరు మూరలే ఉందేంటండీ?"

గుమాస్తాకు అబద్ధమాడే అలవాటు లేదు. నిజం చెప్పే ధైర్యమూ లేదు. "కొలత సరిగ్గానే ఉందండి," అన్నాడు.

"అంటే కావాలనే వేశారన్నమాట."

"కుర్చీలు వాటంతటవి నడవవు కదండీ," అని నేల చూపులు చూశాడు గుమాస్తా.

కొలతల మనిషి తిన్నగా సభా పర్యవేక్షకుడి గదికి వెళ్ళాడు. "పెద్దరాణితో రాజీ కుదిర్చారట. మా దొరగారికి ఒక్క మాట చెప్పొద్దా?" అని నిష్ఠూరమాడాడు. పర్యవేక్షకుడు ఆ మాట వినడం అదే మొదలు. కానీ ఆ దివాణంలో 'నాకు తెలియదు' అన్నవాడికి మరుసటి ఏడు కుర్చీ ఉండదు. అందుకని గంభీరంగా గడ్డం నిమురుకుని, "చెప్పే సమయం వచ్చినప్పుడు చెబుతాం. నాకు నిన్ననే తెలుసు," అన్నాడు. అతను అటు వెళ్ళగానే చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని ప్రధానమంత్రి దగ్గరికి పరుగెత్తాడు.

"నిన్ననా?" అన్నాడు ప్రధానమంత్రి జాలిగా. "నాకు మొన్ననే తెలుసు." ఆయన కూడా చెమట తుడుచుకుంటూ చక్రవర్తి దగ్గరికి పరుగెత్తాడు. చక్రవర్తి అప్పుడు గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కునికిపాట్లు పడుతున్నాడు. అంతా విని, ఒక కన్ను తెరిచి, "అసలు ఆ ఆలోచన ఎవరిదనుకున్నావు?" అన్నాడు.

ఇక గోరంత కొండంత కావడానికి ఎంతసేపు పడుతుంది? చక్రవర్తి అడిగి తీయించేకంటే మనమే ముందు తీసేస్తే పరువుగా ఉంటుందని ఉత్తర నక్షత్రాల దొర ఆ చందమామ చుట్టూ కాపలా ఉన్న మూడువందల యుద్ధ ఓడలను వెనక్కి పిలిపించాడు. అవి వెళ్ళిపోవడం చూసి పెద్దరాణి సేనాపతి హడలిపోయాడు. వాళ్ళకేదో తెలిసింది, మనకే తెలియలేదు అనుకుని, తన ఓడలనూ వెనక్కి తిప్పాడు. తొమ్మిదేళ్ళు వేలమంది కాపలా కాసిన చందమామ కాసేపట్లో దిక్కులేనిదైపోయింది. కబురు విన్న చక్రవర్తి తన తెలివికి తానే మురిసిపోయి, పెద్దరాణి కుర్చీని మొదటి వరుసలో వేయమన్నాడు.

ఆ మాట విన్న గుమాస్తాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. మొదటి వరుసంటే తన దీపానికి సరిగ్గా ఎదురు. ఆరడుగుల దూరం. నౌకర్లను పిలవకుండా తానే కుర్చీ మోసుకెళ్ళి వేసి, దాని వెనక ఆమె నిలబడే చోటును చేతిరుమాలుతో తుడిచాడు. ఆ ఉదయం ఆయన పెట్టుకున్న ఆశ మూరెడు. దేవుడు బారెడు ఇచ్చాడు.

గుమాస్తా తిరిగివచ్చి పర్యవేక్షకుడి గదిలో, ఆయన ఎదుటే కుర్చీల పటం దిద్దుతున్నాడు. ఇరుకు గది, గోడ నిండా పాత పటాలు, బల్లమీద జిగురు డబ్బా. తలుపు దగ్గర ఎవరో దగ్గారు. తలెత్తితే ఆమె. చేతిలో వెండి పెట్టె, పెట్టెలో కళ్ళద్దాలు. చెంపల దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు వచ్చాయి. గుమాస్తా చేతిలో కలం పటం మీద పడి, ఇద్దరు దొరలు సిరాలో మునిగిపోయారు.

ఆమె ఆయన వంక చూడలేదు. "పెద్దరాణిగారి మాటగా వచ్చానండి," అంది పర్యవేక్షకుడితో. "ఆవిడకి ముందువరుస వద్దట. స్తంభం చాటునే కావాలట."

"అదేంటమ్మా, అంత గౌరవం ఇస్తుంటే?"

"తొమ్మిదేళ్ళుగా ఆవిడ నాలుగు గంటలూ హాయిగా నిద్రపోతున్నారండి. ఈ వయసులో చక్రవర్తిగారి ఎదురుగా కళ్ళు తెరుచుకుని కూర్చోవడం తన వల్ల కాదన్నారు. రాజద్రోహమన్నా పర్లేదు, నా స్తంభం నాకిమ్మన్నారు."

పర్యవేక్షకుడు తల పట్టుకున్నాడు. "ఇచ్చిన కుర్చీని వెనక్కి జరిపితే అవమానం. అవమానమంటే యుద్ధం. ఉండమ్మా, ఈ సంగతి కూడా మంత్రిగారికి మొన్ననే తెలిసుంటుంది, అడిగొస్తా," అంటూ బయటికి పరుగెత్తాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. ఇలాంటి క్షణం వస్తే ఏం మాట్లాడాలో గుమాస్తా తొమ్మిదేళ్ళుగా వల్లె వేసుకున్నాడు. ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"జలుబు తగ్గింది," అన్నాడు.

"తెలుసు. నిరుడు సభలో ఒక్కసారి కూడా తుమ్మలేదు."

"నీకెలా తెలుసు?"

"ఎలాగేంటి, చూశాను కాబట్టి." ఆమె వెండి పెట్టె బల్లమీద పెట్టింది. "స్తంభానికీ కుర్చీకీ మధ్య బెత్తెడు సందుంది. నేనుండేది చీకట్లో, మీరుండేది దీపం కింద. మీకు నేను కనబడను. నాకు మీరు కాలిగోటి దాకా కనబడతారు. పెద్దరాణిగారు నిద్రపోయాక ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూస్తాను. మూడో ఏడు చెవిలో పుల్ల పెట్టుకుని తిప్పుకున్నారు. నిరుడు పదకొండుసార్లు ఆవలించారు. ఆ నాలుగు గంటలతోనే నేను ఏడాదంతా గడుపుకొస్తున్నాను. ఎవరు జరపమన్నారండీ ఆ కుర్చీని?"

"నిన్ను చూడాలనిపించింది," అన్నాడు గుమాస్తా. "అంతకంటే ఏమీ లేదు."

ఆమె దగ్గరికి వచ్చి ఆయన అంగీ మెడపట్టీ సరిచేసింది. "మొదటి వరుసలో నౌకర్లు తలెత్తకూడదండీ. నాలుగు గంటలూ నేల చూస్తూ నిలబడాలి. మీకు నా పాపిడి కనబడుతుంది. నాకు నా కాళ్ళు కనబడతాయి."

గుమాస్తా ఆలోచించాడు. పాపిడైనా చాలు ఆయనకు. తొమ్మిదేళ్ళు పగుళ్ళు లెక్కపెట్టిన వాడికి పాపిడి తక్కువేమీ కాదు. వద్దని చెప్పడానికి నోరు రాలేదు. కానీ ఆమె ఏడాదంతా దేనితో గడుపుకొస్తుందో విన్న తర్వాత దాన్ని లాక్కోవడానికి చెయ్యీ రాలేదు.

పర్యవేక్షకుడు రొప్పుతూ వచ్చిపడ్డాడు. "కుర్చీ ఒక్క అంగుళం వెనక్కి పోకూడదన్నారు మంత్రిగారు. పెద్దరాణిగారేమో అందులో కూర్చోనంటున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏం చెయ్యమంటావయ్యా?"

"కుర్చీని కదపొద్దండి," అన్నాడు గుమాస్తా మెల్లగా. "స్తంభాన్నే ముందుకు తెద్దాం."

"స్తంభాన్నా? చక్రవర్తిగారు అడిగితే?"

"ఆయనకి ముందే తెలుసని చెప్పండి."

ఆరుగురు వడ్రంగులు వచ్చి చెక్కతో బోలు స్తంభం ఒకటి బిగించారు. రంగులవాళ్ళు దానికి రాతి రంగు పూశారు. అంతకుముందే ఎక్కడ నిలపాలో సుద్దముక్కతో గుర్తు పెట్టింది గుమాస్తానే. కుర్చీ వెనక ఆమె నిలబడి, పెద్దరాణిగారి తరఫున చూస్తున్నట్టు తల అటూ ఇటూ వంచి, "ఇంకొంచెం కుడికి. ఇంకా. చాలు, అక్కడే," అని చెప్పింది. స్తంభానికీ కుర్చీకీ మధ్య బెత్తెడు సందు మిగిలింది. తనకు దక్కిన చూపును తన చేత్తోనే మూసేసుకుంటూ గుమాస్తా ఆ గీత గీశాడు. అది గీసేటప్పుడు ఆయన కళ్ళు చెమర్చిన మాట నిజం. సుద్దపొడి పడిందని వడ్రంగులకు చెప్పుకున్నాడు.

సభ మొదలైంది. తన ఎదుట కొత్తగా వెలసిన స్తంభాన్ని చూసి చక్రవర్తి కనుబొమ్మలు ముడిచాడు. "శాంతిస్తంభం ప్రభూ. తమరి ఆలోచనే," అన్నాడు ప్రధానమంత్రి. "తెలుసు," అన్నాడు చక్రవర్తి. సభ అంతా లేచి చప్పట్లు కొట్టింది. కాసేపటికి స్తంభం వెనక నుంచి సన్నగా గురక వినిపిస్తే, కొత్త చెక్క కదా, కిర్రుమంటోంది అనుకున్నారు. గుమాస్తా దీపం కింద నిలబడి ఆ బెత్తెడు చీకటి వంకే చూశాడు. ఏమీ కనబడలేదు. కానీ అక్కడ రెండు కళ్ళు ఉన్నాయనీ, వాటికి కళ్ళద్దాలు కూడా ఉన్నాయనీ ఆయనకు తెలుసు.

ఓడలు వెళ్ళిపోయాక, వంశాల మధ్య పగే లేదు కనుక తన భార్య రాజధానికి రావడానికి అనుమతి ఇప్పించమని గుమాస్తా అర్జీ పెట్టుకున్నాడు. పర్యవేక్షకుడు సానుభూతిగా తలాడించి, "రాజీ కుదిరినట్టు కాగితం ఉండాలి కదయ్యా," అన్నాడు. ఇద్దరూ కలిసి దివాణమంతా వెతికారు. కాగితం లేదు. అందరికీ ముందే తెలిసిన సంగతి కనుక దాన్ని రాయాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదట. ఇప్పుడు కొత్తగా రాస్తే ఇన్నాళ్ళూ తెలియనట్టు అవుతుందని, సంతకం పెట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

మరుసటి ఏడు సభలో ఏ దొర ఏం మాట్లాడాడో గుమాస్తాను అడిగితే చెప్పలేడు. నాలుగు గంటలూ పొట్ట లోపలికి బిగబట్టి నిలబడడంతోనే సరిపోయింది.