మాయమైన కుకీలు, మిగిలిన ముద్దలు

“సూర్యాపేటల దొంగ పుట్టొచ్చు గాని, ఈ లింగస్వామి కన్నుగప్పి పెరగలేడు!”

పొద్దున్నే సైదులు వంటింట్లో నిలబడి, నల్లకళ్లద్దాలు సవరించుకుంటూ ప్రకటించాడు లింగస్వామి. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. పగిలిన అద్దం చూసి ఫోను ఎలా పడిందో చెప్పగలడు కనుక, మనుషుల గుట్టూ చెప్పగలనని అతని నమ్మకం. నమ్మకం పెట్టుబడి అక్కర్లేని సరుకు అనుకున్నాడు సైదులు. చిన్ననాటి దోస్తు, పిలవకుండానే వచ్చాడు, పొమ్మంటే పోడు.

సైదులు బేకరీ ఇంటి ముందు గదిలోనే. ఎగ్ పఫ్‌లు, పుట్టినరోజు కేకులు. ఊరంతా అమ్మే సరుకులో లాభం కూడా ఊరందరిదీ. అందుకే భార్య ఇంద్రజ కొత్తది పట్టింది: కొరియాలో జనం బేకరీల ముందు వరుసలు కట్టి కొంటున్న దుబాయ్ కుకీ. లోపల నేతిలో వేయించిన సేమ్యా, పిస్తా ముద్ద. చుట్టూ మార్ష్‌మాలో అనే దూదిలాంటి మిఠాయి కరిగించిన సాగే పొర. పైన కోకో పొడి. కోదాడలో కఫే నడిపే ప్రత్యూష ఇవాళ రుచి చూడటానికి వస్తోంది. నచ్చితే కోదాడకూ, మిర్యాలగూడలోని ఆమె రెండో కొట్టుకూ రోజూ సరుకు పోతుంది. లేదంటే మళ్లీ పఫ్‌లే గతి.

ఇప్పుడు స్టీలు డబ్బా మూత తీస్తే కుకీలు లేవు. వాటి బదులు పల్లీ ముద్దలు, నువ్వుల ముద్దలు, పెసర ముద్దలు ఉన్నాయి. సద్దుల బతుకమ్మ మర్నాడు ఏ ఇంట్లో చూసినా ఉండేవే.

“దొంగైతే ఎత్తుకపోతడు గాని, బదులు పెట్టిపోతడా?” అంది ఇంద్రజ.

“గదే వదినా, అంతర్జాతీయ ముఠా పని! కొరియాల పుట్టింది, దుబాయ్ పేరు పెట్టుకుంది, సూర్యాపేటల మాయమైంది. మూడు దేశాల కుట్ర!”

“సూర్యాపేట దేశమెప్పుడైందిరా?” అన్నాడు సైదులు. “మా అమ్మ గిట్ల తీసిందేమో...”

“కన్నతల్లిని అనుమానిస్తవా? కొడుకువేనా నువ్వు?”

తల్లి లక్ష్మీనర్సమ్మ తెల్లారగానే మిర్యాలగూడ బస్సెక్కి కూతురింటికి పోయింది. ఫోన్ చేస్తే, ఆమె సెల్లు గూట్లోనే మోగుతోంది.

“ముద్దలు ముట్టకుండ్రి, విషముంటది,” అంటూ లింగస్వామి ఒకటి నోట్లో వేసుకున్నాడు. “విషం లేదు. బెల్లమే జర ఎక్కువైంది.”

“మరి ఇంకోటెందుకు తింటున్నవ్?” అన్నాడు సైదులు.

“అనుమానం తీరొద్దా?”

తర్వాత ఖాళీ మైదా సంచి పట్టుకుని పెరటి తలుపు చాటున నక్కాడు. నేరం చేసినవాడు చేసిన చోటికే తిరిగొస్తాడట. తలుపు కిర్రుమంది. లోపలికొచ్చిన మనిషి మీద సంచి పడింది.

“దొరికినవ్ బిడ్డా! ఇగ నీ ఆట ఖతం!”

“నీ చేతులిరగ! ఎవడ్రా నువ్వు?”

సంచిలోంచి తెల్లటి ముఖంతో బయటపడింది పక్కింటి పిచ్చమ్మ. ఆమె చేతిలోని చిన్న డబ్బా కిందపడి మూత ఊడింది. లోపల ఒకే ఒక్క గోధుమరంగు ఉండ.

“అయ్యో, మా కుకీ!” అరిచింది ఇంద్రజ.

“కుకీ గికీ నాకెరుకలేదు. నిన్న మీ అత్త బతుకమ్మకాడ పంచింది. ‘దుకాణం పనిల పడి కూడా మా కోడలు ముద్దలు చేసింది’ అని ఎంత మురిసిందో! మేం మా ముద్దలు ఆమె డబ్బల ఏసినం. గిదేమో గుంజితే సాగుతాంది. ఏం పాకం పట్టినవో అడుగుదామని తెచ్చిన.”

సైదులుకు లెక్క తేలింది. నిన్న సాయంత్రం తామిద్దరూ కొట్టులో ఉన్నారు. బతుకమ్మను సాగనంపాక ఆడవాళ్లు ముద్దలు ఇచ్చిపుచ్చుకోవడం ఆనవాయితీ. పండుగపూట డబ్బానిండా గోధుమరంగు ఉండలుంటే అమ్మ ఇంకేమనుకుంటుంది?

“అనుకున్నట్టే కేసు తేల్చిన! ఇగ సాక్ష్యం పరీక్షించాలె,” అంటూ లింగస్వామి ఆ ఒక్కటీ నోట్లో పడేసుకున్నాడు.

అప్పుడే ప్రత్యూష వచ్చింది. “ఏదండీ కుకీ?”

సైదులు లింగస్వామి దవడ చూపించాడు. పళ్లు అతుక్కుపోయి అతను చేతులు తిప్పుతున్నాడు.

పిచ్చమ్మ ముఖం తుడుచుకుంది. “బిడ్డా, ఈ పిలగాడు పుట్టినకాన్నుంచి వాగుతనే ఉన్నడు. ఈని నోరు మూయించిన మిఠాయి సూర్యాపేటల గిదొక్కటే.”

ఇంతలో వాడకట్టు ఆడవాళ్లు డబ్బాలతో కొట్టు ముందుకొచ్చారు. “ఇంద్రజా, నిన్నటి సాగే ముద్దలున్నయా?”

ప్రత్యూష వాళ్లను చూసింది, లింగస్వామిని చూసింది. “రేపటినుంచి కోదాడకి పంపించండి. మిర్యాలగూడ సంగతి నేను తిన్నాక చూద్దాం. ఇంతకీ ఆయనేమంటున్నారండీ?”

“కేసు నేనే తేల్చిన అంటున్నడు,” అని సైదులు నీళ్లచెంబు అందుకోబోయాడు.

ఇంద్రజ అతని చెయ్యి పట్టుకుంది. “జర ఆగు. ఆమె కారెక్కనీ.”