ఇంటికొక్క ఆవిరి గంట

భార్య మీద గెలవడానికి మగవాడు రకరకాల దారులు వెతుకుతాడు. కౌవొలా ఊళ్ళో, మా భవనం రెండో అంతస్తులో ఉండే తౌనో కెత్తునెన్ మాత్రం కిటికీ వెతుక్కున్నాడు.

అది గోడకుండే కిటికీ కాదు. మా భవనానికో వెబ్‌సైటు ఉంది. నేలమాళిగలో అందరికీ కలిపి ఉన్న సౌనాని, అంటే ఆవిరి గదిని, ఏ గంట ఏ ఇంటివాళ్ళు వాడుకోవాలో అందులోనే ఉంటుంది. ఆ సైటుకి అందరూ వచ్చిపోయే వీధి గుమ్మం ఒకటి. పెరటి వైపు చిన్న కిటికీ ఒకటి. ఆ కిటికీని ఏపీఐ అంటారు. అక్కడ పేజీలు తెరవక్కర్లేదు, బొత్తాలు నొక్కక్కర్లేదు. రహస్యపు మాటొకటి చెప్పి, "ఫలానా సెట్టింగు ఇలా ఉండాలి" అని ఆజ్ఞ రాసి పంపితే లోపల అలా అయిపోతుంది. అయ్యాక కిటికీ "సరే" అంటుంది.

ఆ రహస్యపు మాట తెలిసినవాడు భవనం మొత్తానికి తౌనో ఒక్కడే. టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైనవాడని కమిటీ వాళ్ళు సైటుని అతనికి అప్పగించారు. అతనికి ఆ కిటికీ మీద ప్రాణం. ఇంట్లో అతనితో ఎవరైనా "సరే" అని చాలా ఏళ్ళయింది మరి.

మా ఊరివాళ్ళు మాటలు పొదుపుగా వాడతారు. మేమంతా కలిసి మిగిల్చినవన్నీ తౌనో ఒక్కడే ఖర్చుపెడతాడు. పోస్టు తెచ్చే మనిషి అతని గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు కాకుండా చెప్పులు చేత పట్టుకుని నడుస్తాడని చెప్పుకుంటారు. అది అబద్ధం. సాక్సులు కూడా విప్పేస్తాడు.

అతని భార్య టూలిక్కి గ్రంథాలయంలో పనిచేస్తుంది. గురకల వల్ల పడక గదులు వేరు, డ్యూటీల వల్ల తిండి వేళలు వేరు. వారం మొత్తమ్మీద ఆవిడ మొగుడి పక్కన కూర్చునేది ఒక్క శనివారం సాయంత్రం ఏడింటికే. అది పెళ్ళయిన కొత్తలో వాళ్ళకి దొరికిన సౌనా గంట. అక్కడ మెట్లలా వేసిన బల్లల్లో ఆవిడ పై బల్ల మీద, అతను కింది బల్ల మీద. తౌనోకి వారం అంటే ఆ గంటే. మిగతా రోజులు దాని కోసం ఎదురుచూడటానికి పెట్టినవి.

అలాంటిది, ఒక ఉదయం సైటు చూస్తూ తౌనో గతుక్కుమన్నాడు.

"బుధవారం మనింటి పేరు మీద ఇంకో గంట ఉందేమిటి?" అన్నాడు, రై రొట్టెకి వెన్న రాస్తూ.

"మనింటి పేరు మీద కాదు. నా పేరు మీద."

"శనివారం ఉందిగా!"

"శనివారం నాకు చెమట పట్టేది ఆవిరికి కాదు, నీ ఉపన్యాసానికి."

"మొగుడూ పెళ్ళాలన్నాక మాట్లాడుకోరా?"

"మాట్లాడుకోవడానికి ఇద్దరు కావాలి తౌనో. అక్కడ నేను గోడని. పోయిన శనివారం నా మోకాలి నొప్పి సంగతి మొదలుపెట్టాను, గుర్తుందా?"

"గుర్తులేకేం! డాక్టరు ఏమన్నాడు?"

"ఏం చెప్పనిచ్చావు గనక! సైటుకి కొత్త రంగు వేశానని మధ్యలో అందుకున్నావు."

తౌనో చేతిలో వెన్న కత్తి ఆగింది. "నీలం బాగానే ఉంది కదా?"

టూలిక్కి కాఫీ కప్పు సింకులో పెట్టింది. పెట్టిన చప్పుడులోనే జవాబుంది.

"వచ్చే నెల నుంచి నాకు బుధవారం చాలు. శనివారం నువ్వొక్కడివే వెళ్ళు. పొయ్యి మీద ఆవిరి పుట్టించే రాళ్ళుంటాయిగా, వాటికి చెప్పుకో. పాపం, పగిలిపోయినా ఫిర్యాదు చెయ్యవు."

తౌనో నవ్వేశాడు. ఆవిడ వెళ్ళాక మాత్రం వెన్న రాసిన రొట్టె అలాగే ఉండిపోయింది.

బతిమాలితే చులకన. పోట్లాడితే ఓటమి. అప్పుడు గుర్తొచ్చింది కిటికీ. 'ఇంటికి ఎన్ని గంటలు' అని ఒక సెట్టింగు ఉంది. ఇప్పుడక్కడ రెండు అని ఉంది. దాన్ని ఒకటి చేస్తే పాత శనివారం నిలుస్తుంది, కొత్త బుధవారం రాలిపోతుంది. "రూలు మారిందట, నేనేం చేసేది?" అని మొహం అమాయకంగా పెడితే సరి. ఆ మొహం అద్దంలో రెండుసార్లు పెట్టి కూడా చూసుకున్నాడు.

ఇక్కడొక చిక్కుంది. ఆ కిటికీకి ఆజ్ఞలు రెండు రకాలు. ఒకటి, "ఇది మాత్రం మార్చు." రెండోది, "ఇకమీదట లోపల ఉండాల్సింది ఇదే." చేపల సూపులో ఉప్పు సరిచెయ్యమనడానికీ, గిన్నెలో ఉప్పు మాత్రం ఉంచమనడానికీ ఎంత తేడానో అంత తేడా. సంబరంలో తౌనో రెండోది పంపాడు.

కిటికీ "సరే" అంది. తౌనో ఈల వేసుకుంటూ కాఫీ పెట్టుకున్నాడు. లోపల ఏమైందో తిరిగి చూడలేదు. సరే అన్నవాళ్ళని అనుమానించడం అతనికి అలవాటు లేదు.

లోపల గిన్నెలో ఉప్పు మాత్రమే మిగిలింది. ఎవరి గంట ఎవరిదో ఆ పేర్లు పోయాయి. అతను ముచ్చటపడి వేసిన నీలం పోయింది. 'ఒక గంటకి ఒకే ఇల్లు' అన్న సెట్టింగు కూడా కొట్టుకుపోయింది. భవనంలో అందరూ తమ గంట మాయమవడం చూసి కంగారుపడి, ఉన్నవాటిలోకెల్లా మంచి గంట పట్టేసుకున్నారు. మంచి గంటంటే శనివారం ఏడే. సైటు అడిగినవాళ్ళందరికీ కాదనకుండా ఇచ్చేసింది. కోరింది దొరికింది గనక ఎవరూ తౌనో దగ్గరికి ఫిర్యాదుకి రాలేదు.

"నా బుధవారం పోయింది," అంది టూలిక్కి ఆ సాయంత్రం.

"అయ్యో! కొత్త రూలేమో!"

"ఎవరు పెట్టారు?"

"కమిటీ వాళ్ళయి ఉంటారు," అన్నాడు తౌనో, అద్దంలో నేర్చుకున్న మొహం పెట్టి.

ఆవిడ ఆ మొహాన్ని కాసేపు చూసింది. "సరే, ఈ శనివారం వస్తాను," అంది.

శనివారం ఏడింటికి బట్టలు మార్చుకునే గదిలో భవనమంతా తువ్వాళ్ళు చుట్టుకుని నిలబడి ఉంది. మూడో అంతస్తు టాక్సీ డ్రైవరు యొర్మా, పొయ్యి మీద కాల్చుకోవడానికి సాసేజీలు పట్టుకొచ్చాడు. కమిటీ అధ్యక్షురాలు రౌహా, ఆవిరిలో ఒంటికి తట్టుకునే బర్చ్ చెట్టు కొమ్మల కట్టని కత్తిలా పట్టుకుంది. రౌహా అంటే మా భాషలో శాంతి. ఆ పేరు పెట్టినప్పుడు ఆవిడ ఇంకా ఏడవడం మొదలుపెట్టి ఉండదు.

"ఏడు నాది!"

"నీదా? ఇదిగో, ఫోన్లో చూడు, నాది!"

"నా తువ్వాలు వదులు, నాయనా, నా తువ్వాలు!"

పొయ్యి అప్పటికే కాగి ఉంది. వేడెక్కిన సౌనాని వదిలి వెళ్ళేవాళ్ళు మాలో పుట్టలేదు. అంతా లోపలికి తోసుకుపోయి బల్లల మీద ఇరుక్కున్నారు. ఎవరి మోకాలు ఎవరిదో తెలియడం లేదు.

"ఎవడో తెలివితక్కువవాడు సైటుని పాడుచేశాడు," అన్నాడు యొర్మా, రాళ్ళ మీద నీళ్ళు చల్లుతూ.

తౌనో మరో మాటయితే ఓర్చుకునేవాడు. యంత్రాల విషయంలో తప్పు మాట ఓర్చుకోలేడు.

"పాడవడమేమిటయ్యా! సైటు చెప్పినట్టే చేసింది. ఆజ్ఞ రెండు రకాలు. పంపినవాడు 'ఇంటికొకటే' అన్న ఒక్క సెట్టింగు మార్చాలనుకుని..." అంటూ కిటికీ, రహస్యపు మాట, సూపు, ఉప్పు అన్నీ వివరించేశాడు. అంత చక్కగా జన్మలో ఎప్పుడూ వివరించలేదు.

"ఆ రహస్యపు మాట ఎవరెవరికి తెలుసు?" అంది రౌహా.

రాళ్ళు బుస్సుమన్నాయి. తౌనో నోట మాట రాలేదు. జనం వేడిని మరిచిపోయి ఆ వింతనే చూశారు.

పై బల్ల మీంచి టూలిక్కి గొంతు వినిపించింది. "ఒకటి ఎందుకు చెయ్యాలనుకున్నావు?"

"నువ్వు... శనివారం రావడం మానేస్తానన్నావని."

"రమ్మని నన్ను అడగొచ్చుగా."

"అడిగితే కాదంటావని."

"అందుకని కిటికీని అడిగావు."

సాసేజీ మాడుతున్న వాసన వస్తున్నా యొర్మా కదల్లేదు.

రౌహా గొంతు సవరించుకుంది. "పాత పేర్లన్నీ తిరిగి ఎక్కించు తౌనో. కానీ ఆ రూలేదో బాగానే ఉంది. గంట దొరక్క ఎదురుచూసేవాళ్ళున్నారు. ఇకమీదట ఇంటికొకటే. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి."

తువ్వాలు పట్టుకోని చేతులన్నీ లేచాయి. అందరికంటే ముందు లేచింది తౌనోది. పరువు పోతే పోయింది, బుధవారం కూడా పోయింది కదా! తల తిప్పి చూస్తే టూలిక్కి చెయ్యి కూడా పైకే ఉంది. అదే అతనికి అర్థం కాలేదు.

సోమవారం పొద్దున ఆవిడ వంటింటి బల్ల మీద ఒక తాళంచెవి పెట్టినప్పుడు అర్థమైంది.

"ఐదో అంతస్తులో ఒంటిగది ఇల్లు ఖాళీగా ఉంది. తీసుకున్నాను."

"ఎవరికి?"

"నాకు."

"ఒక సౌనా గంట కోసం ఇల్లు మారతావా?"

"గంట కోసం గొడవ చేసింది నువ్వు. నేను మిగతా వారం కోసం వెళ్తున్నాను." కంప్యూటరు అతని వైపు జరిపింది. "ఇంటికొకటే కదా రూలు? ఇప్పుడు నాకూ ఇల్లుంది. రాయి. ఐదో అంతస్తు, టూలిక్కి, బుధవారం."

"శనివారం దగ్గర నీ పేరు?"

"తీసెయ్యి. జాగ్రత్త, 'ఇది మాత్రం మార్చు' అనేదే పంపు."

తౌనో అదే పంపాడు. ఈసారి పొరపాటు చెయ్యలేదు. ఆ ఒక్కటే మారింది. ఆదివారం అతను తిరిగి ఎక్కించినవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మళ్ళీ వేసిన నీలం కూడా.

"సరే," అంది కిటికీ.

ఆవిడ పెట్టె పట్టుకుని గుమ్మం దాటుతుంటే తౌనో వెనకాలే వెళ్ళాడు. "డాక్టరు ఏమన్నాడు? మోకాలికి?"

టూలిక్కి ఆగింది. "ఇప్పటికి వినడానికి ఆగావా! మెట్లు ఎక్కొద్దన్నాడు."

"మరి ఐదో అంతస్తు..."

"లిఫ్టుంది," అంది. లిఫ్టు తలుపు మూసుకుంది.

ఆ శనివారం తౌనో ఒక్కడే కింది బల్ల మీద కూర్చుని గంటసేపు నోరు మెదపలేదట. పక్కన ఎవరూ లేనప్పుడు ఆ సంగతి మాకెలా తెలిసిందంటారా? తౌనోయే చెప్పాడు. మర్నాడు లిఫ్టు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళనల్లా ఆపి, మధ్యాహ్నం దాకా చెప్పాడు. లిఫ్టు కిందికొస్తూనే ఉంది, పైకి పోతూనే ఉంది. టూలిక్కి మాత్రం అందులోంచి దిగలేదు.