లక్షమందిలో ఒక్క ఆమినాబీ

"ఒక్క నిమిషంలో లక్షమంది పేదల్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తాం!" అని 2001 మార్చిలో మంత్రి జీవరత్నం గారు బెజవాడలో ప్రకటించారు. అంతకుముందు ఏ ప్రభుత్వమూ పేదల్ని అంత వేగంగా ఎక్కడికీ ఎక్కించలేదు. చప్పట్లు కొట్టీ కొట్టీ నా అరచేతులు వాచిపోయాయి.

సౌభాగ్య కార్డుల ఆఫీసు గేటు పక్కన జిరాక్సు షాపు నాది. అందువల్ల ఈ చరిత్ర మొత్తం కళ్లారా చూసే భాగ్యం నాకు దక్కింది. ఆ కార్డుంటే నెలనెలా బియ్యం ఇస్తారు. పేరు కంప్యూటర్లో ఉంటేనే కార్డు.

ప్రారంభోత్సవానికి వారం ముందు చూస్తే, టైపు చేసిన పేర్లు మూడొందలు కూడా లేవు. ఆఫీసరు రామకోటేశ్వరరావు గారు ఏమాత్రం కంగారుపడలేదు. కాంట్రాక్టు మీద పనిచేసే ప్రోగ్రామరు సాయిశ్రీని పిలిచారు.

"అమ్మా, మంత్రిగారు బటన్ నొక్కగానే లక్ష పేర్లు రావాలి."

"అన్ని పేర్లు మన దగ్గర లేవు కదండీ."

"పేర్లదేముందమ్మా, ఏదో ఒకటి పెట్టు. లక్ష ముఖ్యం."

సాయిశ్రీ ప్రోగ్రాం రాసింది. బటన్ నొక్కితే అది పాత పట్టిక ఉంటే చెరిపేస్తుంది, కొత్త పట్టిక తయారుచేస్తుంది, అందులో 'నమూనా' అనే పేరును లక్షసార్లు నింపుతుంది. మంత్రిగారు సీపీయూకి కుంకుమబొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బటన్ నొక్కారు. నలభై సెకన్లలో లక్షమంది నమూనాలు బిలబిలమంటూ దిగారు. ఇరవై సెకన్ల ప్రజాధనం ఆదా అయిందని మంత్రిగారు ప్రకటించారు.

ఆ తర్వాత సాయిశ్రీ నమూనాలను ఒక్కొక్కటే తీసేసి అసలు పేర్లు ఎక్కించసాగింది. ఆటోనగర్లో లారీ సీట్లకు రెక్సిన్ కవర్లు కుట్టే ఆమినాబీ దరఖాస్తు నా షాపులోనే రాశాం. భర్త ఇస్సాక్ పోయాక ఇల్లంతా ఆవిడ సూది మీదే నడుస్తోంది. పేరు ఎక్కింది. ఇంకేం, వచ్చే వారం కార్డన్నారు.

ఈలోగా ఎమ్మెల్యేగారు అలిగారు. తన నియోజకవర్గంలో తను నొక్కని బటనేమిటని. నిజమే కదా! మళ్లీ కుంకుమ, మళ్లీ కొబ్బరికాయ. నొక్కారు. అసలు పేర్లన్నీ చెరిగిపోయి లక్షమంది నమూనాలు తిరిగొచ్చారు.

"సార్, ఆ బటన్ ఒక్కసారే నొక్కాలండీ! పోనీ ప్రోగ్రాం మారుస్తాను," అని సాయిశ్రీ మొత్తుకుంది.

"మంత్రిగారి చెయ్యిపడ్డ ప్రోగ్రాం మారుస్తావా? తప్పమ్మా!"

"కనీసం కాపీ పెట్టుకోవడానికి ఫ్లాపీలైనా ఇప్పించండి."

"ఫైలు నడుస్తోంది."

సాయిశ్రీ మళ్లీ టైపు చేసింది. జిల్లా చైర్మన్ గారొచ్చి నొక్కారు. మళ్లీ టైపు చేసింది. చైర్మన్ గారికి పడని వర్గం వారొచ్చి, ఇంకాస్త గట్టిగా నొక్కారు. పేరు పోయిన ప్రతిసారీ ఆమినాబీ కొత్త దరఖాస్తు పెట్టింది. ఏడాది గడిచింది.

"అమ్మాయ్, నా పేరులో ఏమన్నా దోషముందా? బియ్యం కొనలేక చస్తున్నా తల్లీ," అంటూ ఒకరోజు సాయిశ్రీ కిటికీ దగ్గర ఏడ్చేసింది.

సాయిశ్రీకి ఒళ్లు మండింది. ప్రోగ్రాం తెరిచి, 'నమూనా' అన్నచోట 'ఆమినాబీ, ఆటోనగర్' అని కొట్టింది. "ఇక బ్రహ్మదేవుడొచ్చి నొక్కినా మీ పేరు పోదు పిన్నిగారూ," అంది.

మర్నాడే ప్రథమ వార్షికోత్సవం. మంత్రిగారు నొక్కారు. పెద్ద తెరమీద చూస్తే ఒకటో నంబరు ఆమినాబీ. రెండో నంబరు ఆమినాబీ. లక్షో నంబరు కూడా ఆమినాబీయే.

"ఇదేమిటండీ?" అని ఓ విలేకరి లేచాడు.

రామకోటేశ్వరరావు గారి సమయస్ఫూర్తికి దణ్ణం పెట్టాలి. "బోగస్ సార్! ఒకే పేరుతో లక్ష కార్డులు! మన కంప్యూటర్ పట్టేసింది!" అన్నారు.

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. "ఒక్క రోజులో తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది బోగస్ కార్డులు ఏరేశాం! మిగిలిన ఒక్క అసలు లబ్ధిదారును వేదిక మీదకు పిలవండి!"

ఆమినాబీ శాలువాతో, కార్డుతో నిలబడింది. ఫోటోలు తీశారు. హాలంతా ఈలలు వేసింది. సాయిశ్రీ నవ్వాపుకోలేక తెర వెనక్కి పరుగెత్తింది.

జనంలోంచి ఆమినాబీ పక్కింటి శౌరమ్మ లేచింది. "మరి నా కార్డో బాబూ?"

"కంప్యూటర్లో లేవమ్మా. అంటే నువ్వు బోగస్," అన్నారు ఆఫీసరుగారు.

"ఆరి దేవుడో! బోగసేంటి సార్? ముప్పై ఏళ్లుగా నా పక్కింట్లోనే ఉంది," అని ఆమినాబీ మైకులోనే అరిచింది.

మంత్రిగారు మైకు అందుకున్నారు. "జిల్లాలో కంప్యూటర్ నిర్ధారించిన మనిషి ఈమె ఒక్కరే. ఈమె సంతకం పెడితే ఎవర్నైనా నమ్ముతాం," అన్నారు. సాయంత్రానికల్లా జీవో వచ్చింది.

అంతే. మర్నాటి నుంచి ఆటోనగర్లో ఆ రేకుల ఇంటి ముందు క్యూ కట్టారు. నేనూ జిరాక్సు మిషను అక్కడికే మార్చాను. ఆమినాబీ కుట్టుమిషను పక్కన పెట్టి, ఒక్కొక్కరి ముఖం పరీక్షగా చూసి, ఊరూ పేరూ అడిగి, రోజుకు రెండొందల మందికి సంతకాలు పెట్టింది. నెల తిరిగేసరికి క్యూ కట్టినవాళ్లందరికీ కార్డులు అందాయి. మంత్రిగారి పథకం దిగ్విజయమైంది.

ఆఖరి రోజున క్యూ చివర రామకోటేశ్వరరావు గారు కనిపించారు. జీవో ప్రకారం ఆఫీసు సిబ్బంది కూడా తాము బోగస్ కాదని రుజువు చేసుకోవాలట. ఆయన వినయంగా ఫారం చాపారు.

ఆమినాబీ కళ్లజోడు సవరించుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఏం పని చేస్తారు బాబూ?"

"సౌభాగ్య కార్డుల ఆఫీసులో ఆఫీసర్నండీ."

"ఏడాదిపాటు వారం వారం ఆ ఆఫీసుకు తిరిగాను. అక్కడ మిమ్మల్ని ఒక్కసారీ చూడలేదే! తెలీని మనిషికి ఎట్టా పెట్టేది సంతకం?"

ఆయన నా వైపు చూశారు. నేను జిరాక్సు మిషను వైపు చూశాను.