వెనక సీటు ప్రతిజ్ఞ

జీలుగవాగు మీద వంతెన పడేంతవరకు తాను కారెక్కబోనని, ఎండైనా వానైనా చలైనా వాగవతలి కార్మికులు వచ్చే బాటనే, వాళ్ల మోటారు సైకిలు మీదనే డ్యూటీకి వస్తానని యూనియన్ నాయకుడు గజ్జెల ఎల్లన్న గోదావరిఖని చౌరస్తాలో మైకు పట్టుకుని ప్రతిజ్ఞ చేశాడు. జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టినవాడు కొమురెల్లి. అతనిది వాగవతలి పల్లె. ఆ చప్పుడుకు ఎల్లన్న మాట ఆపి అటు చూశాడు.

"నీకు బండున్నదా తమ్మీ?" అని మైకులోనే అడిగాడు.

ఉందన్నాడు కొమురెల్లి. మహత్కార్యాలకు మనుషులు దొరికేది ఇలాగే.

కొమురెల్లి గనిలో బదిలీ ఫిల్లరు. అంటే, రానివాళ్ల స్థానంలో లోపలికి దిగి బొగ్గు ఎత్తేవాడు. ఏడాదిలో కావలసినన్ని మస్టర్లు, అంటే హాజర్లు, పడితే పర్మినెంటు అవుతాడు. పడకపోతే మళ్లీ మొదటినుంచి మొదలు పెట్టాలి. పోయిన ఏడాది వాగు పొంగినప్పుడల్లా మస్టరు పోయి, దగ్గరి దాకా వచ్చి ఆగిపోయాడు. ఈసారి ఆలస్యం కాకూడదని ఎడ్లజత అమ్మి పాత రాజ్‌దూత్ బండి కొన్నాడు. పర్మినెంటు అయితే క్వార్టరొస్తుంది, నల్లా వస్తుంది, బావి దగ్గర బిందె పట్టుకుని నిలబడే పని తప్పుతుంది అని అతని భార్య మల్లక్క లెక్క.

ఎల్లన్న పేరు కూడా గని మస్టర్లో ఉంది. కాకపోతే నాయకుల మస్టరు వాళ్లు ఉన్నచోటికే నడిచి వస్తుంది. ఎల్లన్న లోపలికి దిగగా చూసినవాళ్లు ఎప్పుడో రిటైరైపోయారు.

ప్రతిజ్ఞలో ఒక చిన్న చిక్కు ఉన్న సంగతి మర్నాడు తెల్లవారక ముందే బయటపడింది. ఎల్లన్న క్వార్టరు గని గేటుకు ఎదురుగానే ఉంది. వాకిట్లో తుమ్మితే గేటు దగ్గర కాపలావాడికి వినిపిస్తుంది. అంత దగ్గరున్న మనిషి వాగు దాటి డ్యూటీకి రావాలంటే ఎలా? ఎల్లన్న వెనకాడలేదు. కొమురెల్లి వాగు దాటి వచ్చి తనను ఎక్కించుకోవాలి. ఎక్కించుకుని మళ్లీ వాగు దాటి పల్లెకు తీసుకుపోవాలి. అక్కడ బండి తిప్పుకుని ఇద్దరూ డ్యూటీకి రావాలి. ఇంతటి త్యాగం అవసరమా అని అనుచరులు కళ్లొత్తుకున్నారు. అవసరమేనన్నాడు ఎల్లన్న.

మొదటిరోజు గేటుకు అందరికంటే ముందు వచ్చినవాడు కొమురెల్లి. గేటు ముందు నుంచి వెనక్కి తిరిగి పోయినవాడూ అతనే. పల్లెలో ఎల్లన్నకు బొట్టు పెట్టారు, దండ వేశారు. హోటల్లో చాయ తాగించారు. పేపరు విలేకరి ఫొటో తీస్తానని బండిని మూడుసార్లు వాగులోకి దింపించి ఎక్కించాడు. వాళ్లు గేటు చేరేసరికి సైరన్ కూసి చాలాసేపైంది. మస్టర్ క్లర్కు రహమతుల్లా కిటికీ మూసేశాడు.

కొమురెల్లి ముఖం వాడిపోయింది. ఎల్లన్న అతని భుజం తట్టి, కిటికీ తెరిపించి, "నాతోనే ఉన్నడు గద, నాకెట్ల రాసినవో ఆయనకు గట్లనే రాయి రహమతుల్లా" అన్నాడు. రహమతుల్లా ఒక్కసారి ఇద్దరినీ చూసి, కలం తీసి రాశాడు.

లోపలికి దిగకుండా, పార పట్టకుండా మస్టరు పడడం కొమురెల్లికి అదే మొదలు. ఆ రోజంతా యూనియన్ ఆఫీసు ముందు బండి నీడలో కూర్చుని, నాయకుడంటే ఇలా ఉండాలి అనుకున్నాడు.

అదే ఆనవాయితీ అయింది. సాయంత్రం ఇల్లు చేరిన మొగుణ్ణి మల్లక్క కింది నుంచి పైదాకా చూసేది. వేణ్ణీళ్లు కాచిపెట్టిన కాగు ఊరికే పొగలు కక్కేది.

"బొగ్గు మసి లేదు, చెమట లేదు. నువ్వు గనికి పోతున్నవా, పెండ్లికి పోతున్నవా?" అని ఒకనాడు అడిగేసింది.

మస్టరు పడుతున్నదనీ, ఎల్లన్న ఉన్నాడనీ అతను చెప్పాడు.

"ఉంటడు, ఎటు పోతడు. ఎట్ల పడుతున్నదో పోయి రహమతుల్లన్నను అడుగరాదు?"

అడగలేదు కొమురెల్లి. అడిగితే ఎల్లన్నను అనుమానించినట్టు అవుతుందని అతని మొహమాటం.

ఎండలు ముదిరాయి. ఆ ప్రాంతపు ఎండ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. బొగ్గు కుప్పలు మంట పెట్టకుండానే పొగలు పోతుంటాయి. ఎండకు జంకి ప్రతిజ్ఞ తప్పే మనిషి కాదు ఎల్లన్న. మొదట ఒక అనుచరుడు పక్కనే ఇంకో బండి మీద గొడుగు పట్టుకుని వచ్చాడు. రెండు బండ్లూ ఒకే వేగంతో పోవాలి. మలుపు దగ్గర కొమురెల్లి ఎడమకు, గొడుగు కుడికి పోయాయి. అందుకని ఫరీద్ వెల్డింగు షాపులో రాజ్‌దూత్‌కు నాలుగు పైపులు అతికించి, మీద తడక కప్పి, చుట్టూ వట్టివేళ్ల చాపలు కట్టారు. దారిపొడుగునా వాటి మీద నీళ్లు చల్లడానికి ఇద్దరు మనుషులను పెట్టారు. ముందు సీటు పందిరి బయటికి ఉండిపోయింది గనుక కొమురెల్లికి ఎండ యథాప్రకారం కొట్టింది.

బండి పల్లెలోకి వస్తుంటే బర్రెలు బెదిరి పొలాల్లో పడ్డాయి. పెండ్లి పల్లకీ అనుకుని ముసలమ్మలు బియ్యం పట్టుకుని ఎదురొచ్చారు. "మండుటెండలో కార్మికుడి వెంట" అని పేపర్లో ఫొటో పడింది. పందిరి వల్ల అందులో ఎల్లన్న కనిపించలేదు, అయినా ఫొటో కింద పేరు ఉంది.

వానలు పడ్డాయి. జీలుగవాగు ఎప్పటిలాగే ఒడ్లు ఒరుసుకుని పారింది. అవతలి ఒడ్డున కార్మికులు టిఫిన్ క్యారియర్లు పట్టుకుని నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డారు. వాళ్ల మస్టర్లు వాళ్ల కళ్ల ముందే కొట్టుకుపోతున్నాయి. కొమురెల్లి మాత్రం వానలు పోయేదాకా బండితో సహా ఎల్లన్న క్వార్టరు అరుగు మీదనే పడుకోవాలని ముందే ఏర్పాటైంది.

ఇప్పుడేం చేస్తారని విలేకరి అడిగితే, ఎల్లన్న చిరునవ్వు నవ్వాడు. ట్రాక్టరు వచ్చింది. ట్రాలీలోకి రాజ్‌దూత్‌ను ఎక్కించి తాళ్లతో బిగించారు. బండి మీద ముందు కొమురెల్లి, వెనక ఎల్లన్న కూర్చున్నారు. పైన టార్పాలిన్ పట్టారు. ప్రతిజ్ఞకు ఎక్కడా మచ్చ రాలేదు: ఎల్లన్న మోటారు సైకిలు మీదనే ఉన్నాడు, మోటారు సైకిలు దేనిమీద ఉందన్నది వేరే విషయం. ట్రాలీ వాగులోకి దిగి ఒక పక్కకు ఒరిగింది.

"బ్రేకు మీద కాలు పెట్టుకో తమ్మీ" అన్నాడు వెనకనుంచి ఎల్లన్న.

కొమురెల్లి పెట్టుకున్నాడు.

అవతలి ఒడ్డు చేరాక పల్లెలోని సమ్మవ్వ దవాఖానకు పోవాలి, ట్రాలీలో ఇంత జాగా ఇవ్వమని అడిగింది. కార్మికులూ అడిగారు. ట్రాలీలో పదిమందికి చోటుంది. ఎల్లన్న ఎంతో నొచ్చుకుని, మోటారు సైకిలు మీద ముగ్గురు పోవడం నేరమని, నాయకుడే చట్టం తప్పితే ఎలాగని నచ్చజెప్పాడు. ట్రాక్టరు తిరిగి వాగు దాటింది. ఒడ్డున ఉన్నవాళ్లు ఒడ్డునే ఉండిపోయారు.

చలికాలం వచ్చింది. పొద్దున మంచు పొగలో ఎదుటి మనిషి కనిపించడం లేదు. చలిగాలికి ఎల్లన్న గొంతు పట్టుకుంది. నాయకుడి గొంతు పట్టుకుంటే కార్మికవర్గం గొంతు పట్టుకున్నట్టేనని కార్యవర్గం తీర్మానించింది. ప్రతిజ్ఞను మరోసారి శ్రద్ధగా పరిశీలించారు. డ్యూటీకి మోటారు సైకిలు మీద రావడం ముఖ్యం. దూరం ముఖ్యం కాదు. అప్పటినుంచి ఎల్లన్న తన వాకిట్లో బండెక్కి రోడ్డుకు అవతలున్న గేటు దగ్గర దిగుతున్నాడు. ఇంజను పొగ పడదు గనుక ఇద్దరు అనుచరులు వెనకనుంచి తోసేవారు. కొమురెల్లి హ్యాండిల్ పట్టుకుని, అన్న ఎప్పుడు బండి అడుగుతాడోనని ఆ రోజంతా ఆఫీసు ముందే ఉండేవాడు.

మరి వాగు సంగతేమిటని విలేకరి అడిగాడు.

"వాగును గుండెల పెట్టుకున్న" అన్నాడు ఎల్లన్న, మఫ్లరు సర్దుకుంటూ.

ఏడాది చివర పర్మినెంటు అయ్యేవాళ్ల మాట గనిలో మొదలైంది. కొమురెల్లి కొత్త అంగీ కుట్టించుకున్నాడు. మల్లక్క క్వార్టర్ల వైపు పోయి నల్లాలు ఏ టైముకు వస్తాయో కనుక్కుని వచ్చింది. అటువంటి రోజున రహమతుల్లా అతన్ని కిటికీ దగ్గరికి పిలిచాడు. పిలిచి చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"అరే భాయ్, నీ మస్టర్లన్ని సర్ఫేస్‌ల, గని పైపని కింద పడ్డయి. నీకు పర్మినెంటుకు లోపలికి దిగిన మస్టర్లే లెక్క. నువ్వు దిగిందే తక్కువ" అన్నాడు.

"ఎల్లన్నకు రాసినట్టే రాయమన్నడు గద భాయ్."

"గట్లనే రాసిన. ఎల్లన్న ఎన్నడన్న లోపలికి దిగిండా?"

కొమురెల్లి మొహమాటం అప్పటికి తీరిపోయింది. నేరుగా యూనియన్ ఆఫీసుకు పోయి, ఏడాదంతా పోయింది అన్నా అన్నాడు. ఎల్లన్న అతన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, చాయ తెప్పించి, ఫికర్ చెయ్యవద్దన్నాడు. రేపే సభ ఉంది, పెద్దాఫీసరు వస్తున్నాడు, వంతెన సంగతి ఆయన నోటితోనే చెప్పబోతున్నాడు. వంతెన పడిందంటే ఇక ఎవరి మస్టరూ పోదు, వచ్చే ఏటికి కొమురెల్లి పర్మినెంటు అయినట్టే. కొమురెల్లి చాయ తాగాడు. ఇప్పుడు అతనికి మిగిలింది ఆ వంతెన ఒక్కటే.

సభకు మల్లక్క కూడా వచ్చి ఆడవాళ్ల వరసలో కూర్చుంది. పెద్దాఫీసరు ఎల్లన్నకు శాలువా కప్పి, చక్కటి తెలుగులో మాట్లాడాడు.

"వాగు దాటి డ్యూటీకి రావడం కష్టమని కొందరు అంటుంటారు. ఎల్లన్న గారు ఈ ఏడాదంతా అదే దారిలో, ఎండలో, వానలో, చలిలో, ఒక్క మస్టరు కూడా పోకుండా వచ్చారు. మోటారు సైకిలు చాలునని స్వయంగా నిరూపించారు. కనుక వంతెన ప్రతిపాదన అనవసరమని భావించి విరమించుకున్నాం."

ఎల్లన్న అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. తనను పొగుడుతున్నారన్నంతవరకు అతనికి స్పష్టంగానే వినిపించింది. మిగతాది ఒక అనుచరుడు చెవిలో చెప్పాడు. ఎల్లన్న నిబ్బరం చెక్కుచెదరలేదు. మైకు అందుకుని కొమురెల్లిని వేదిక మీదికి పిలిచి, భుజం మీద చెయ్యి వేశాడు. ఈ తమ్ముడికి అన్యాయం జరిగింది, ఇతను పర్మినెంటు అయ్యేదాకా ఈ మోటారు సైకిలు దిగను, తిండీ నిద్రా దాని మీదనే అని ప్రకటించాడు. అక్కడికక్కడే బండిని గేటు ముందు స్టాండు వేయించి ఎక్కి కూర్చున్నాడు. ఇంతటి దీక్ష ఈ బొగ్గుబాయిల మీద ఎవరూ ఎరగరు.

"దిగనంటున్నడు. మరి రేపు నువ్వు డ్యూటీకి ఎట్ల పోతవ్?" అని మల్లక్క దారిలో అడిగింది.

మర్నాడు కొమురెల్లి నడిచి పోయాడు. ఇంకా చీకటుండగానే లేచి, చలిలో, మోకాళ్ల దాకా నీళ్లలో వాగు దాటి, సైరన్ కంటే ముందు కిటికీ దగ్గర నిలబడ్డాడు. బండి దగ్గర జనం మూగి ఉన్నారు. మధ్యలోంచి, ఫొటో ఉంది తమ్మీ, వచ్చి హ్యాండిల్ పట్టుకో అన్న పిలుపు వినిపించింది. కొమురెల్లి విననట్టు కిటికీలోకి తల పెట్టి, "లోపలికి రాయి భాయ్" అన్నాడు. ల్యాంపు తీసుకుని దిగిపోయాడు.

షిఫ్టు అయి పైకి వచ్చేసరికి ఒళ్లంతా నల్లగా ఉంది. ఎముకలు కూడా నొప్పి పెడుతున్నాయి. గేటు ముందు రాజ్‌దూత్ ఉంది. సీటు మీద ఒక పూలదండ, ఒక తువ్వాల ఉన్నాయి. పక్కన కుర్చీలో అనుచరుడు ఒకడు పల్లీలు తింటున్నాడు. ఇంకెవరూ లేరు. ఇంటికి తీసుకుపోదామని కొమురెల్లి హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. అనుచరుడు గబుక్కున లేచి అడ్డం వచ్చాడు.

"జరుగన్నా, ఏం పని? అన్న కూసున్నది కనబడ్తలేదా?"

కొమురెల్లి సీటు వైపు చూశాడు. మసి చేతులు రెండూ జోడించి, "పోయొస్త అన్నా" అని సీటుకు చెప్పి, వాగు వైపు నడిచాడు.