స్వయంగా రావలెను

పొద్దున్నే కూరగాయల వ్యాన్‌లో బయలుదేరి, పట్టణంలో ఆరోగ్య బీమా ఆఫీసు తలుపు తీసే వేళకు చేరి, భర్తను అధికారి ఎదుట కూర్చోబెట్టి, సంతకం పెట్టించుకుని, మధ్యాహ్న భోజనానికి ఇల్లు చేరాలన్నది ఆవిడ వేసుకున్న పథకం. ఇందులో అత్యాశ ఏమీ లేదు. ఆయన పెంకుల ఫ్యాక్టరీలో పనిచేసినంత కాలమూ ప్రతి జీతంలోనూ బీమా వాటా కోసుకున్నారు. కోసుకునేటప్పుడు స్వయంగా రమ్మని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆయన ఎడమ పాదానికి చక్కెర జబ్బు తెచ్చిన పుండు. కాలు కింద మోపలేడు. రోజు విడిచి రోజు, శిక్షణ ఉన్న చెయ్యి చెడిన కండ తీసి, కడిగి, కట్టు కట్టకపోతే పాదం దక్కదని డాక్టరు చెప్పాడు. కదలలేని వృద్ధుల ఇంటికే నర్సును పంపే సదుపాయం బీమాలో ఉంది. ఆవిడ దరఖాస్తు పట్టుకుని ఇదివరకే ఒంటరిగా వెళ్లింది. అధికారి దాన్ని ముట్టుకోలేదు.

“కదలలేనాయన స్వయంగా రావాలమ్మా. లేకపోతే కదలలేడని మాకెలా తెలుస్తుంది?”

“కదిలి వస్తే మాత్రం ఎలా తెలుస్తుంది సార్?”

“అది వచ్చాక చూద్దాం.”

ఎవరు వెళ్లినా అదే మాట చెప్పడం వల్ల జనం ఆ అధికారికి ‘స్వయంగా’ అనే పేరు ఖాయం చేశారు. పాదం తీసేయవలసి వస్తే ఖర్చంతా బీమాయే భరిస్తుందని, దానికి ఈ ఆఫీసు చుట్టూ తిరగనక్కర లేదని గుమాస్తా ఆవిడను ఓదార్చాడు. కడగడానికి లేని సులువు కోయడానికి ఉండటంలోని నీతి ఏమిటో ఆవిడకు బోధపడలేదు. ఆ ఓదార్పు విన్నప్పటి నుంచి ఆవిడకు అన్నం సహించడం లేదు.

స్వయంగా తీసుకువెళ్లడానికి కుర్చీ చేసిపెట్టినవాడు ఆవిడ బావగారు, భర్తకు అన్న. చేయి తిరిగిన వడ్రంగి. ముందూ వెనకా పొడవాటి పిడులు, పుండు కాలు చాపుకోవడానికి పలక, రెండు పక్కలా వెడల్పాటి చేతులు. ఆఫీసు గుమ్మం కొలత ఆవిడే దారంతో తీసుకొచ్చి ఇచ్చింది. మెట్లు మధ్యలో మలుపు తిరుగుతాయన్న సంగతి ఆవిడ చెప్పనూ లేదు, ఆయన అడగనూ లేదు.

“ఒరేయ్, నీ పెళ్లిలో కూడా నిన్నింత దర్జాగా కూర్చోబెట్టలేదురా,” అన్నాడు అన్న, తమ్ముణ్ణి వ్యాన్‌లోంచి దించుతూ.

“పెళ్లిలో నా కాళ్ల మీద నేనే నిలబడ్డాను అన్నయ్యా. అదే నా తప్పు.”

“తప్పెవరిదో ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం,” అంది ఆవిడ. “ముందు ఎత్తండి.”

ఆఫీసు మేడ మీద. కింద, గోడ వారగా, అప్పటికే కొందరు ముసలివాళ్లు కూర్చుని ఉన్నారు. స్వయంగా రమ్మంటే ఇక్కడిదాకా వచ్చి, పైకి వెళ్లలేక ఆగిపోయినవాళ్లు. వాళ్లలో ఒక రిటైరైన బస్సు కండక్టరు, ఊపిరి అందక మాటకీ మాటకీ మధ్య ఆగుతూ, ఆవిణ్ణి పలకరించాడు.

“మా కోడలు... నన్ను మోసే మనిషి కోసం వెళ్లిందమ్మా. మీకు మీ మనుషులే ఉన్నారు. అదృష్టవంతులు. పదండి... పైకి జరగండి.”

వ్యాన్ డ్రైవరు ముందు పిడులు, వడ్రంగి వెనక పిడులు పట్టుకున్నారు. ఆవిడ కట్టు ఉన్న కాలికి దెబ్బ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి పక్కన నడిచింది. మలుపు దాకా అంతా సవ్యంగానే జరిగింది. మలుపులో కుర్చీ ఒక చెయ్యి ఈ గోడకీ, ఇంకో చెయ్యి ఆ గోడకీ పట్టేసి ఆగిపోయింది.

“అమ్మాయ్, కొంచెం ఎడమకు తొయ్యి.”

“ఎవరి ఎడమ బావగారూ?”

“వాడి ఎడమ.”

“నా ఎడమ జోలికి రాకండి,” అన్నాడు కుర్చీలోని మనిషి. “గొడవంతా దానితోనే.”

తోశారు, లాగారు, వంచారు. వడ్రంగి పనితనం ఎంత గట్టిదంటే, గోడ సున్నం రాలిందే తప్ప కుర్చీ చెయ్యి చెక్కు చెదరలేదు. కింద నుంచి ఎవరూ పైకి వెళ్లే దారి లేదు, పై నుంచి ఎవరూ కిందికి వచ్చే దారి లేదు. ఈ అలికిడికి గుమాస్తా వచ్చి చూసి, వెనక్కి వెళ్లి, అధికారిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన భుజానికి సంచీ ఉంది. వృద్ధుల సంక్షేమం మీద పెద్దాఫీసులో సమావేశం, తరువాత విందు. బయలుదేరే హడావిడిలో ఉన్నాడు.

“ఇదేమిటమ్మా, దారికి అడ్డంగా?”

“తమరు రమ్మన్న మనిషి సార్. స్వయంగా వచ్చారు. కళ్లారా చూశారు కదా, సంతకం పెట్టండి.”

అధికారి ఆలోచించాడు. “మెట్ల మీద ఉన్నాయన ఆఫీసుకు వచ్చినట్టు కాదమ్మా. నా టేబుల్ ముందుకు రావాలి.”

“రాలేకపోతున్నారు సార్.”

“ఇక్కడిదాకా వచ్చారంటే రాగలిగినట్టే కదా.”

ఆవిడ తెలివితక్కువది కాదు. ఈ రెండు వాక్యాలూ ఒకే నోట, ఒకే నిమిషంలో వచ్చాయని గ్రహించింది. వాటిని పలికిన ముఖంలో సిగ్గు ఛాయైనా లేదని కూడా గ్రహించింది. అరవలేదు. అరిస్తే ఆ అరుపునే కారణంగా చూపి దరఖాస్తు తోసేస్తారని ఆవిడకు తెలుసు.

“ముందు ఆ కుర్చీ తియ్యండి. నాకు మీటింగుంది,” అన్నాడు అధికారి.

“రంపం తెచ్చుకోలేదండీ,” అన్నాడు వడ్రంగి. “తెచ్చినా కొయ్యను. మంచి చెక్క.”

డ్రైవరు సన్నగా ఉంటాడు. కుర్చీ కాళ్ల సందులోంచి పాకి ఇవతలికి వచ్చి, ఆవిడ భర్తను జాగ్రత్తగా వీపున వేసుకుని కిందికి దించి, కండక్టరు పక్కన కూర్చోబెట్టి, మళ్లీ వచ్చి వడ్రంగితో పాటు కింది వైపు పిడులు పట్టుకున్నాడు. పాకడం హోదాకు తగదు కనుక అధికారి దాటడానికి నిశ్చయించుకున్నాడు. సంచీ గుమాస్తాకిచ్చి, ఒక కాలు పలక మీద వేసి, రెండో కాలు కుర్చీ చేతి మీదుగా తిప్పబోయాడు. మోకాలు టక్కుమంది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

ముగ్గురి బలానికి లొంగని కుర్చీ ఆ ఒక్కడి బరువుకు లొంగింది. గోడల్ని వదిలేసి, మెట్టు మెట్టుకీ దబ్బుమంటూ కిందికి దిగింది. వడ్రంగీ డ్రైవరూ పిడులు వదలకుండా వెనక్కి వెనక్కి నడిచి, దాన్ని నేల మీద కుదురుగా నిలబెట్టారు. గోడ వారనున్న ముసలివాళ్ల ఎదుట, చేతుల కుర్చీలో, అధికారి.

“ఆఫీసే... కిందికి వచ్చిందయ్యా,” అన్నాడు కండక్టరు. “తోసుకోకండి... వరసలో రండి.”

లేవగలిగినవాళ్లు లేచారు, లేనివాళ్లు చెయ్యి చాపారు. దరఖాస్తులన్నీ అధికారి ఒళ్లో పడ్డాయి. ఆయన లేవబోయి మూలిగాడు.

“కాలు కింద పెట్టలేకపోతున్నాను.”

“అది మాకెలా తెలుస్తుంది సార్?” అంది ఆవిడ.

కండక్టరు దగ్గుతున్నాడో నవ్వుతున్నాడో తేల్చడం కష్టమైంది. ఆవిడ కలం తీసి చాపింది.

“అందరూ మీ ఎదుటే ఉన్నారు. సంతకం పెట్టండి.”

“నా టేబుల్ దగ్గర పెడితేనే సంతకం చెల్లుతుందమ్మా. నిబంధన.” నొప్పితో కళ్లు చెమర్చినా ఆ మాట మాత్రం ఆయన నోట తడబడలేదు. “నన్ను పైకి మోయండి, పెడతాను.”

“మలుపులో పట్టదండీ,” అన్నాడు వడ్రంగి. “ఇప్పుడే చూశాం.”

ఆఫీసు కారు వచ్చి అధికారిని తీసుకుపోయింది. ఆయన మళ్లీ మెట్లెక్కగలిగేదాకా సంతకాలు ఉండవని గుమాస్తా మలుపులో నిలబడి ప్రకటించాడు. దరఖాస్తులు ఎవరివి వాళ్లు ఏరుకున్నారు.

తిరుగు ప్రయాణంలో భర్త కట్టు మీద తడి కనిపించింది. ఆవిడ దాన్నే చూస్తూ కూర్చుంది.

“రెండు వైపులా కాస్త చెక్కి సన్నం చేస్తానమ్మాయ్,” అన్నాడు వడ్రంగి చాలాసేపటికి.

“చెక్కవలసింది కుర్చీని కాదు బావగారూ.”

మర్నాడు ఉదయం ఇంటి ముందు స్కూటరు ఆగింది. తెల్ల కోటు, పెద్ద సంచీ. నర్సు. ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది.

“సంతకం కాలేదమ్మా మాకు,” అంది, అబద్ధమాడటం చేతకాక.

“తెలుసు పిన్నిగారూ, నిన్నటి సంగతి ఆఫీసంతా చెప్పుకుంటున్నారు. నేను వచ్చింది మీకోసం కాదు, ఆఫీసరు గారి మోకాలికి. మంచి గాలి కావాలని మీ ఊరవతల ఇల్లు కట్టుకున్నారుగా. రోజూ వెళ్లి కట్టు మార్చమని నిన్న సాయంత్రమే ఫోనులో ఆర్డరిచ్చారు.” చెప్పులు విప్పి లోపలికి నడిచింది. “పెట్రోలు ఆయన మోకాలిది. దారిలో ఆగకూడదని మాత్రం ఎవరూ అనలేదు. వేణ్ణీళ్లు పెట్టండి. ఏవండీ బాబాయిగారూ, కాలు ఇలా చాపండి.”

ఫోనులోనా అని ఆవిడ అడగబోయి ఊరుకుంది. స్వయంగా రమ్మనలేదా అనీ అడగలేదు. జవాబు తెలిసిన ప్రశ్నలకు ఊపిరి ఖర్చు చేసే వయసు దాటింది. వేణ్ణీళ్లు పెట్టింది. నర్సు చెడిన కండ తీసి, కడిగి, కట్టు కట్టి, ఇంకా నాలుగు రోజులు ఆలస్యమైతే పాదం పోయేదని చెప్పి, స్కూటరెక్కింది. ఆ దారిలోనే కండక్టరు ఇల్లు. అక్కడా ఆగింది. తరువాత ఇంకొన్ని గుమ్మాల ముందు కూడా.

పాదం ఇప్పుడు ఎర్రగా, ఆరోగ్యంగా మానుతోంది. ఆఫీసులో సంతకాలు ఇంకా మొదలుకాలేదు. అయినా ఎవరికీ తొందర లేదు. మెట్లెక్కే ముందు ఎన్నాళ్లు విశ్రాంతి తీసుకుంటే మంచిదో ఆఫీసరు గారికి గట్టిగా చెప్పమని ఊళ్లో అందరూ నర్సును బతిమాలుతున్నారు. ఆ మోకాలు వెంటనే నయం కావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నది, రోజంతా ఆయనతో ఇంట్లో ఉండవలసి వస్తున్న ఆయన భార్య ఒక్కరే.